పర్వా

చంద్రపూర్

ప్రియమైన బావకు,

ముందు వందనాలు, తిట్లు చివర్లో.

ఈ ఉత్తరం చేరిందంటే పెట్టె కూడా చేరినట్టే, ఎందుకంటే ఉత్తరం పెట్టెలోనే ఉంది. థర్మకోల్ పెట్టె అడుగున ఐసు ప్యాకెట్లు, వాటి మీద కాగితం, కాగితం మీద కార్డులు, మూత లోపల టేపు వేసి అంటించిన కవరులో నేను. జివతి బస్సు కండక్టరు అక్షయ్ పెట్టెను తన సీటు కిందే పెట్టుకుంటానని మాట ఇచ్చాడు. "వహినీ, లోపల మిఠాయా?" అని అడిగాడు. కందిరీగలని చెప్పగానే కాలితో అవతలికి జరిపాడు. ఇవి కుట్టేవి కావు నాయనా, చీమ తలకాయంత కూడా ఉండవు, ఇంకా పుట్టను కూడా లేదు అని బతిమాలితే గాని ఎక్కించుకోలేదు.

మీ క్యాంపులో ఫోను పలకదు. పలకాలంటే నువ్వు బండి వేసుకుని రోడ్డు దాకా రావాలి, వాన పడితే మధ్యలో వాగు. అందుకే పెళ్లైన ఆరేళ్లకు మనం ఉత్తరాలు మొదలుపెట్టాం. నేను కలం పట్టుకుంటే సండే స్కూలు తెలుగే వస్తుంది, నోటితో మాట్లాడేది వేరే. బడి అంతా మరాఠీలో గడిచింది కాబట్టి ఒత్తులు తప్పితే నవ్వొద్దు. నువ్వూ అదే సండే స్కూలు, నీకు నా కంటే తక్కువ మార్కులు.

నువ్వు అక్కడ టేకు తోటలో కందిరీగలు వదులుతావు, నేను ఇక్కడ ల్యాబులో వాటిని పుట్టిస్తాను. చుట్టాలు ఏం ఉద్యోగమని అడిగితే చెప్పలేక చస్తున్నాను. మొన్న బల్లార్‌పూర్ వెళ్లినప్పుడు అమ్మకు వివరంగా చెప్పాను. బియ్యంలో పుట్టే రెక్కల పురుగులను పెంచుతాం, వాటి గుడ్లు జిగురుతో కార్డుకు అంటిస్తాం, కందిరీగ వచ్చి ఆ గుడ్ల లోపల తన గుడ్డు పెడుతుంది, ఆ కార్డు అడవిలో కడితే అందులోంచి వచ్చిన కందిరీగలు టేకు పురుగు గుడ్లు వెతికి వాటినీ అలాగే చేస్తాయి, పురుగు పుట్టదు, మందు కొట్టే పని లేదు అన్నాను. అమ్మ అంతా విని, "ఒకదాని కడుపుల ఇంకోదాన్ని పుట్టిచ్చుడేంది బిడ్డా, పాపం గాదా?" అంది. అడవికి మంచిదమ్మా అన్నాను. "అడవికి మంచిదే. దానికి?" అంది. నీ మేనత్తతో వాదించి గెలిచినవాళ్లు మన ఇంట్లో లేరు.

ఒకటే బాధ, ఆ పురుగుల రెక్కల పొట్టు. పిండిలా లేస్తుంది. మాస్కు కట్టుకున్నా ముక్కులోకి, జుట్టులోకి పోతుంది. ల్యాబులో రజినీ నేనూ పక్కపక్కనే కూర్చుని పోటీ పడి తుమ్ముతాం. తలంటుకున్నా పోదు.

ఒంట్లో బాగుండటం లేదు. ఈ నెల కూడా అలాగే, మొదలైందంటే ఆగదు. మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయి. వచ్చినప్పుడు చెబుతాను.

ఇక తిట్లు. పోయిన ఆదివారం వస్తానని కోడి తెప్పించావు. నేనూ రజినీ తిన్నాం. నీ వాటా కూడా తిన్నాం.

పెట్టె మీద రాసింది చూసుకుని కార్డులు కట్టు.

నీ రోజీ

*

క్యాంపు, జూన్ 18

ప్రియమైన రోజీ,

తిట్లు భద్రంగా అందాయి. కందిరీగలే భద్రంగా లేవు.

పెట్టె మీద నువ్వు "పర్వా" అని ఒక్క ముక్క రాశావు. తారీఖు లేదు, వారం లేదు. నాతో కార్డులు కట్టే భూమన్న చూసి, "పర్వా అంటే మొన్న అతికిచ్చిన్రన్నట్టు, ఇంకా టైమున్నది సార్" అన్నాడు. నేనూ అదే అనుకుని పెట్టెను నీడలో పెట్టి చెట్లకు గుర్తులు వేయడానికి పోయాను. మళ్లీ మూత తీసేసరికి లోపలంతా కందిరీగలు పాకుతున్నాయి, సగం చచ్చి అడుగున పడ్డాయి. నువ్వు రాసింది ఎల్లుండి పుడతాయని. మరాఠీలో మొన్నకూ ఎల్లుండికీ ఒకటే మాట, పోయిందీ పర్వాయే, రాబోయేదీ పర్వాయే. మనకు రెండు మాటలున్నాయి కదా, ఏదో ఒకటి తెలుగులో రాయకూడదా? తెలుగువాళ్లం పర్వా అనేది ఒకరి మీద ఒకరికి ఉండేదాన్ని. అది నీకు నా మీద ఉందని తెలుసు, పెట్టె మీద రాయనక్కరలేదు.

మిగిలిన సగం కట్టాం. తర్వాత నేను భూతద్దం పట్టుకుని ఒక ఆకు ముందు కూర్చున్నాను. నువ్వు చూడాల్సింది రోజీ. పుట్టించేది నువ్వు, కానీ అది బయటికొచ్చి ఏం చేస్తుందో నీకు తెలియదు కదా. ఆకు మీద సూటిగా నడుచుకుంటూ పోతుంది, మీసాలతో తడుముకుంటూ. టేకు పురుగు తల్లి గుడ్డు పెట్టి ఎగిరిపోయేటప్పుడు దాని రెక్కల పొట్టు కాస్త అక్కడ రాలుతుంది. ఆ పొట్టు వాసన తగిలిందా, కందిరీగ నడక మారిపోతుంది. అంతవరకు సూటిగా పోయేది అక్కడే ఆగుతుంది, మెల్లగా తిరుగుతుంది, పక్కకు పోయినట్టే పోయి మళ్లీ వెనక్కి వస్తుంది, గుడ్డు దొరికేదాకా ఆ చోటు వదలదు. దొరికాక పైకెక్కి కొలుస్తుంది. వేరే కందిరీగ ముందే గుడ్డు పెట్టి పోయిందని తెలిస్తే మారు మాట్లాడకుండా దిగిపోతుంది. బతికేది వారమైనా కాదు, ఆ బతుకంతా వెతకడమే. నాకు మధ్యాహ్నం బువ్వ కూడా గుర్తు రాలేదు.

కానీ ఒక మాట చెప్పాలి, కోపం తెచ్చుకోకు. మీ ల్యాబువి చాలావరకు బద్ధకపువి. కార్డు చుట్టూ తిరిగి అక్కడే చస్తున్నాయి. తరాల తరబడి సీసాలో గుడ్లు ముక్కు ముందే దొరుకుతుంటే ఇక వెతకడం ఎందుకు వస్తుంది. ఈ వానాకాలం మా ప్లాటు చెట్లు పచ్చగా నిలవకపోతే నన్ను ఇక్కడ ఉంచరు. మీ ల్యాబు బాలకిషన్ సార్‌తో చెప్పి ఏదన్నా చేయించు.

ఒంట్లో బాగా లేదన్నావు. డాక్టరమ్మకు చూపించుకో, రజినిని తోడు తీసుకెళ్లు. ఈ ఆదివారం కుదరదు.

నీ ప్రసాదు

*

చంద్రపూర్

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం రజినికి చదివి వినిపించాను. "అక్కా, బావకు పురుగు మీద ఎంత ప్రేమున్నదే" అంది. పేజీలకు పేజీలు కందిరీగ మీసాలు, ఆఖర్న నాకు డాక్టరమ్మ. నా మీసాలు చూసినా బాగుండేది.

పర్వా సంగతి ఒప్పుకుంటున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మరాఠీ చెవిలో పడుతుంటే చేతికి కూడా అదే వస్తుంది. ఇక మీద ఎల్లుండి అనే రాస్తాను, ఒట్టు.

బద్ధకం సంగతి బాలకిషన్ సార్‌తో చెప్పాను. ముందు మూతి ముడిచాడు, తర్వాత నిజమే అన్నాడు. ఎన్నేళ్లుగానో ఒకే సంతతిని తిప్పుతున్నాం, అడవి రక్తం కలపాలి అన్నాడు. నీ తోటలో టేకు ఆకుల మీద నల్లబడిన గుడ్లు దొరికితే ఆకులతో సహా పంపమన్నాడు. నల్లబడ్డాయంటే లోపల అడవి కందిరీగ ఉన్నట్టే.

ఇక నా సంగతి. రజినితో వెళ్లాను. స్కానింగు తీశారు. గర్భసంచిలో గడ్డలున్నాయి బావా. క్యాన్సరు కాదంది, నువ్వు భయపడకు. కానీ రక్తం చాలా పోయింది, ఊరికే ఉంచితే కుదరదంది. రెండు దారులు చెప్పింది. గడ్డలు మాత్రమే తీస్తే సంచి ఉంటుంది, బిడ్డ పుట్టే ఆశ ఉంటుంది, గడ్డలు మళ్లీ వచ్చినా రావచ్చు. సంచే తీసేస్తే ఈ బాధంతా పోతుంది, దాంతో ఆ ఆశా పోతుంది. నీ నవరా ఎక్కడ అని అడిగింది. మా ఆయన అడవిలో ఉన్నాడన్నాను. అయితే అడవిలోంచి పిలిపించు, ఇది ఇద్దరు కూర్చుని చెప్పాల్సిన మాట అంది.

నాకేం కావాలో నాకు తెలుసు. నీకేం కావాలో తెలియదు. పెళ్లైన కొత్తలో ఇంటి ఓనరుతో గొడవపడి మరీ దూలానికి ఉయ్యాల కొక్కెం కొట్టించావు. ఎంత సంబరమో నీకు, చేతిసంచి తగిలించి ఊపి చూపించావు. ఇప్పుడు దానికి నా గొడుగు వేలాడుతోంది. నాలుగేళ్లుగా నువ్వు ఆ మాటే ఎత్తడం లేదు. నన్ను నొప్పించకూడదనో, నీకే ఆశ చచ్చిపోయిందో నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. వచ్చి చెప్పు.

నీ రోజీ

*

క్యాంపు, జూన్ 30

ప్రియమైన రోజీ,

నీ ఉత్తరం చదివి మనసు పాడైంది. ఆ సంగతి కాగితం మీద రాసేది కాదు. వచ్చే ఆదివారం తప్పక వస్తాను, ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. నువ్వు మాత్రం పాలకూర, బెల్లం తిను.

నల్ల గుడ్లు దొరికాయి. భూమన్నా నేనూ లోపలి పాత టేకు చెట్ల దాకా పోయి వెతికాం. కొత్త తోటలో ఒక్కటీ లేదు, మందు ఎప్పుడూ పడని ఆ మూలలోనే ఉన్నాయి. ఆకులను తడిగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాను. ఇవి పుడితే చూడు, వీటి తీరే వేరు. నిన్న ఒకదాన్ని చూశాను, గాలికి కొట్టుకుపోయి పక్క చెట్టు మీద పడింది, మళ్లీ అక్కడి నుంచి మొదలుపెట్టింది. విసుగన్నది లేదు.

మా సార్ వచ్చే వారం చూడటానికి వస్తాడట. అది కాగానే నేను బస్సెక్కుతాను.

నీ ప్రసాదు

*

చంద్రపూర్

బావకు,

తప్పక వస్తానన్న ఆదివారం పోయింది. దాని తర్వాతి ఆదివారమూ పోయింది. మీ సార్ వచ్చాడేమో, వాన పడిందేమో, వాగు పొంగిందేమో. నువ్వు రాయకపోయినా నీ బదులు నేనే అన్నీ అనుకుని పెట్టుకుంటున్నాను.

నీ ఆకుల్లోంచి కందిరీగలు పుట్టాయి. వాటికి పిల్లలు కూడా అయ్యాయి. బాలకిషన్ సార్ ఒక పరీక్ష పెట్టాడు. పొడవాటి గాజు గొట్టం, ఆ చివర కొంచెం రెక్కల పొట్టు, నాలుగు గుడ్లు. ఈ చివర కందిరీగలను వదిలాం. మన పాత సీసావి వదిలిన చోటే తిరిగాయి, గోడకు ఆనుకుని నిలబడ్డాయి. నీ అడవివి మాత్రం కాసేపు ఆగి, తల ఇటూ అటూ తిప్పి, నడక మొదలుపెట్టాయి. దారిలో రజిని దూది అడ్డం పెట్టింది. దూది లోపల్నుంచి దూరి పోయాయి. చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. "కంట్ల పొట్టు వడ్డదా అక్కా?" అంది రజిని. అవునన్నాను.

మర్నాడు ల్యాబులో పడిపోయాను. లేచేసరికి ఆసుపత్రిలో ఉన్నాను, చేతికి రక్తం బాటిలు. అమ్మ బల్లార్‌పూర్ నుంచి వచ్చేసింది. అప్పటి నుంచి నాతోనే ఉంది, నీ పేరు ఎత్తడం లేదు. తిట్టినా బాగుండేది. ఎద్దు పుండు కాకికి నొప్పా అని గోడతో అంటుంది.

ఇక ఆపరేషన్ ఆపడానికి లేదు. తారీఖు చెప్పగానే నీకు రాస్తాను. నువ్వు వస్తే మంచిది. రాలేకపోతే ఒక్క మాట రాసి పంపు, ఉండనీయమనో, తీసెయ్యమనో. ఏదైనా సరే, నేను తిట్టను. బల్ల ఎక్కేముందు నీ మాట నా దగ్గర ఉండాలి. అంతే అడుగుతున్నాను.

రోజీ

*

బావా, పర్వా ఆపరేషన్. గర్భసంచి. నువ్వేమంటావో రాయి. కార్డులు అడవివి, కొత్తవి. బస్సు టైమైంది. రోజీ

*

క్యాంపు, జులై 21

ప్రియమైన రోజీ,

నీ చిట్టి నిన్న సాయంత్రం భూమన్న పెట్టెతో పాటు తెచ్చి ఇచ్చాడు. వంకర అక్షరాలు చూసి ఆసుపత్రి మంచం మీద పడుకుని రాశావని తెలిసింది. చాలాసేపు గుడిసె బయట కూర్చున్నాను. భూమన్న అన్నానికి పిలిచాడు, పోలేదు.

మొన్ననే అయిపోయింది కాబట్టి ఇక దాని గురించి మనం బాధపడి లాభం లేదు. నువ్వేమంటావని అడిగావు. నేనేమంటాను రోజీ. పర్వా లేదు. సంచి పోతే పోయింది, నువ్వు దక్కావు, అది చాలు. పిల్లలు లేనివాళ్లు లోకంలో బతకడం లేదా? కొక్కేనికి గొడుగే వేలాడనీ. నాకేం బాధ లేదు, నిజంగా. నువ్వు కూడా మనసులో ఏం పెట్టుకోకు.

నిజానికి ఇప్పుడే బస్సెక్కాలి. కానీ మొన్నటి వానకు చిగుళ్లు వేశాయి, పురుగు తల్లులు గుంపులుగా దిగాయి. చెట్టు కింద నిలబడితే మొహానికి తగులుతున్నాయి. గుడ్లు పడుతున్నప్పుడే కార్డులు ఉండాలి. నాలుగు రోజులు ఆగితే పురుగు పుట్టి తోట జల్లెడైపోతుంది, ఈ ఏడాది కష్టమంతా బూడిదలో పోసినట్టే. నువ్వు పంపిన అడవివి కూడా వృథా అవుతాయి. నీ పక్కన అత్త ఉంది కదా, ఆమె ఉన్నచోట నేను వచ్చి చేసేదేముంది. ఆదివారం వస్తాను. ఈసారి ఒట్టు.

ఈ ఉత్తరం పొద్దుటి బస్సుకే అక్షయ్ చేతికి ఇస్తున్నాను. విశ్రాంతి తీసుకో.

నీ ప్రసాదు

*

క్యాంపు, జులై 30

ప్రియమైన రోజీ,

ఆదివారం వచ్చాను. మన ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటివాళ్లు బల్లార్‌పూర్ వెళ్లారని చెబితే అక్కడికి వచ్చాను. అత్త గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రానివ్వలేదు. "బుధవారం కోసిన్రు, ఆదివారం వచ్చినవు. మంచిగనే వచ్చినవు అల్లుడా" అంది. బుధవారమేంటి అత్తా, అంతకు ముందు శనివారమే కదా అయ్యింది అన్నాను. ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ఏందో ఒకటి, అయిపోయింది. పో. పిల్ల పండుకున్నది, లేపకు" అని తలుపు వేసింది.

తిరుగు బస్సులో గడ్‌చాందూర్ దాటేదాకా నాకు బుర్రలో పడలేదు. జేబులోంచి నీ చిట్టి తీసి చూసుకున్నాను. పర్వా. నేను మొన్న అని చదివాను, నువ్వు ఎల్లుండి అని రాశావు. కార్డులప్పుడు జరిగిందే మళ్లీ జరిగింది. పాడు మరాఠీ మాట, ఒక్క మాట మన సంసారం మీద ఇంత పని చేసింది.

రోజీ, నేను పర్వా లేదని రాసింది నిన్ను ఓదార్చడానికి. అయిపోయిందనుకుని రాశాను. ఇంకా కాలేదని తెలిస్తే తీయొద్దని రాసేవాణ్ణి. ఆ కొక్కెం కనిపించినప్పుడల్లా మొహం తిప్పుకునేవాణ్ణి, నువ్వు బాధపడతావని ఎప్పుడూ బయటపెట్టలేదు. నాకు బిడ్డ కావాలి రోజీ. ఈ మాట ఇప్పుడు నీకు ఏ రకంగా పనికిరాదని తెలుసు. నా ఉత్తరం నీ చేతికి ఆపరేషన్‌కు ముందే అంది ఉంటుంది. నేను పర్వా లేదంటే నువ్వు తీయించేసుకున్నావు. నా చేత్తోనే నా ఇంటికి తాళం వేసుకున్నాను.

చెప్పాలో వద్దో తెలియడం లేదు, కానీ చెబుతాను. తోట నిలబడింది. పక్క ప్లాటు మొత్తం జల్లెడ, ఈనెలు మిగిలాయి. మనది పచ్చగా ఉంది. ఆకు ఆకుకూ నల్ల గుడ్లు. అవన్నీ నువ్వు పంపినవాటి పనే. మా సార్ నన్ను ఉంచుతానన్నాడు. ఎవరికీ చెప్పుకోబుద్ధి కాలేదు, నీకే చెబుతున్నాను.

ఇంటికి రా. తప్పు ఆ మాటది, మనిద్దరిదీ కాదు.

నీ ప్రసాదు

*

బల్లార్‌పూర్

ప్రసాదుకు,

ఉత్తరం అందింది. తప్పు మాటదన్నావు. మాట మీదికి తోసెయ్యడం సులువే, అది తిరిగి ఏమీ అనలేదు.

నీ పర్వా లేదన్న ఉత్తరం నాకు మంగళవారం సాయంత్రమే వార్డులో అందింది. రజిని తెచ్చింది. మర్నాడు ఆపరేషన్. నాలుగు వరసలు చదవగానే నువ్వు మొన్న అనుకున్నావని తెలిసిపోయింది. నాకు నవ్వొచ్చింది. ఎల్లుండి అనే రాస్తానని ఒట్టేసినదాన్ని, బస్టాండులో మోకాలి మీద కాగితం పెట్టుకుని రాస్తుంటే డాక్టరమ్మ నోట విన్న మాటే చేతికి వచ్చింది. ఆ తప్పు నాది, నేనే మోస్తాను.

అమ్మకు చదివి వినిపించాను. నీ మీద అంత కోపంగా ఉన్న మనిషి, వెంటనే మెత్తబడింది. "చిట్టి తప్పు చదివిండు పిల్లా. డాక్టరమ్మను ఒక్క రోజు ఆగమందాం, కబురు పంపుదాం, గట్లనైతే వస్తడు" అంది. వద్దన్నాను. ఎందుకో నీకు చెప్పాలని ఇన్నాళ్లుగా మనసులో రాసుకుంటున్నాను.

నువ్వు చదివినట్టే చదువుదాం. శనివారం నీ పెళ్లాం కడుపు కోశారు. గర్భసంచి తీసేశారు. మంచం మీద పడుకుని వంకర అక్షరాలతో నీకు చిట్టి రాసింది. అది నీకు సోమవారం సాయంత్రం అందింది. మంగళవారం పొద్దున బస్సు వచ్చింది. ఆ బస్సులో ఉత్తరాన్ని ఎక్కించావు. నువ్వు ఎక్కలేదు. మొన్న అయితే ఏంది, ఎల్లుండి అయితే ఏంది, బస్సు అదే కదా.

అక్షయ్ చేతికి ఉత్తరం ఇచ్చేటప్పుడు మా ఆవిడ ఎలా ఉందిరా అని ఒక్క మాట అడిగినా తెలిసేది. పెట్టె నేనే నిలబడి ఇచ్చాను. ముఖం పాలిపోయి ఉందని నాకు తన సీటిచ్చి కూర్చోబెట్టి, నేను చిట్టి రాసేదాకా బస్సు ఆపింది వాడే. పరాయివాడు.

నా జుట్టు నిండా, చీరల నిండా ఎన్నేళ్ల నుంచి ఉందో ఆ రెక్కల పొట్టు. అది రాలిన చోట కందిరీగ ఆగుతుందని, వదలదని నువ్వే రాశావు. నేను ఆ ఉత్తరం వార్డులో తలగడ కింద పెట్టుకున్నాను. పక్క మంచం ఆవిడ ప్రేమలేఖా అని అడిగితే అవునన్నాను.

ఇక సంచి సంగతి. దాని కోసం ఏడుస్తున్నావు కాబట్టి చెప్పక తప్పదు. బల్ల మీదికి తీసుకెళ్లే ముందు డాక్టరమ్మ మళ్లీ అడిగింది, నవరా ఏమన్నాడు అని. పర్వా లేదన్నాడని చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, అతని సంగతి సరే, నీకు? అంది. నాకు పర్వా ఉంది డాక్టర్ అన్నాను. గడ్డలే తీశారు. సంచి ఉంది. ఎక్కడిది అక్కడే ఉంది. అయిపోయింది అని అమ్మ నీతో అన్నది ఆపరేషన్ గురించి. తీసేశారని ఎవరూ అనలేదు, నువ్వే అనుకున్నావు. నువ్వు అనుకునేవన్నీ నువ్వు రానక్కరలేనివే.

నాకు బిడ్డ కావాలని ఇప్పుడు రాశావు. ఆ ఒక్క వరస కోసం వానాకాలమంతా కాచుకుని కూర్చున్నాను. మొన్న వచ్చినా చాలేది. ఇప్పుడు అది చదివితే ఎవరిదో ఉత్తరం పొరపాటున నాకు వచ్చినట్టుంది. ముందు ముందు నా కడుపు సంగతి నేను చూసుకుంటాను. అది కాగితం మీద రాసేది కాదు.

నేను అమ్మ దగ్గరే ఉంటాను. ఇక్కణ్ణుంచే ల్యాబుకు వెళ్లి వస్తున్నాను. ఇంటి తాళంచెవి పక్కింట్లో ఇచ్చాను. వానలు కదా, గొడుగు తెచ్చుకున్నాను. కొక్కెం నువ్వు కొట్టించిందే, ఉంచుకో.

తోట పచ్చగా ఉందన్నావు, సంతోషం. ఆ కందిరీగలు మంచివి. కార్డులు ఆగకుండా వస్తాయి. ఇక మీద పెట్టె రజిని పంపుతుంది. ఆమెకు తెలుగు రాయడం రాదు. తారీఖు వేస్తుంది.

రోజీ